ఏడుపు మీద పన్ను

నా చిన్నప్పుడు మేం ఫ్లాట్ కొనుక్కున్న బ్లాకులో లిఫ్టుకి ముక్కు ఉండేది. వేళాకోళం కాదు. ఎవరైనా లిఫ్టులో మూత్రం పోస్తే పసిగట్టే యంత్రం ఒకటి లోపల బిగించి ఉండేది. అది పసిగట్టిందంటే గంట మోగేది, లిఫ్టు ఆగిపోయేది, మనిషి వచ్చి తలుపు తీసేదాకా దోషి లోపలే.

కంప్యూటర్ ఉద్యోగాల కోసం మనవాళ్లు విమానాల నిండా సింగపూర్‌లో దిగుతున్న రోజులవి. మా నాన్న కూడా అలా వచ్చినవాడే. ఆంగ్ మో కియో అనే పేటలో ఆ ఫ్లాట్ గృహప్రవేశానికి కాకినాడ నుంచి మా తాతయ్య వచ్చాడు. పెద్దగా చదువుకోలేదు కానీ, ఊళ్లో గ్రంథాలయం తలుపు తీసేది తనకోసమే అనుకునే మనిషి. ఆ ఉదయం నన్ను వెంటబెట్టుకుని గుడికి వెళ్లి, ఇల్లంతా చల్లడానికి పూజారి గారి దగ్గర గోమూత్రం సీసా తెచ్చాడు.

సీసా మూత వదులుగా ఉన్న సంగతి మాకంటే ముందు లిఫ్టుకి తెలిసింది. గుడ్డసంచి లోంచి చుక్కలు పడ్డాయి. గంట మోగింది. లిఫ్టు ఆగింది.

మా క్లాసు పిల్లవాడు ఒకడు ఆ బ్లాకులోనే ఉండేవాడు. "అందరూ నేనే పోశాననుకుంటారు లా! స్కూల్‌కి హౌ టు గో, తాతయ్యా?" అని సింగపూర్ యాసలో ఏడుస్తూ గోల పెట్టాను.

తాతయ్య కంగారు పడలేదు. పూర్వం రోములో చాకళ్లు మూత్రంతోనే బట్టలు ఉతికేవారనీ, వీధి మరుగుదొడ్ల నుంచి కుండలతో కొనుక్కుపోయేవారనీ, అది చూసి ఒక చక్రవర్తి దాని మీద పన్ను వేశాడనీ చెప్పాడు. చక్రవర్తి కొడుకు ఛీ అన్నాడట. తండ్రి ఒక నాణెం తీసి వాడి ముక్కు దగ్గర పెట్టి, కంపు కొడుతోందా అని అడిగాడట. నేను నవ్వాను. నవ్వుతూ కిందికి చూసి, ఆ తడి చూసి మళ్లీ ఏడ్చాను.

"ఒరేయ్, ఆగాగు. రోములో ఏడుపు మీద కూడా పన్ను ఉండేదిరా. పెద్దాళ్లకి ఒక రేటు, పిల్లలకి రెట్టింపు."

"వెక్కిళ్లకి?"

"దానికి వేరే సర్‌చార్జీ."

నేను ఊపిరి బిగబట్టాను. ఏ రోము అధికారి వింటాడోనని నిజంగానే భయపడ్డాను.

ఇంతలో బయట అడుగుల చప్పుడు వినిపించింది. తాతయ్య ఒక్క క్షణం ఆలోచించి, సంచిని తన కొత్త పట్టుపంచె మీదికి వంచుకున్నాడు. నా నిక్కరు పొడిగా ఉందని అందరికీ కనబడేలా నన్ను ముందు నిలబెట్టాడు.

తలుపు తెరుచుకుంది. లిఫ్టు మెకానిక్, ఒక చైనీస్ ఆంటీ, ఆమె వెనక మా క్లాసు పిల్లవాడు. అందరి చూపూ ముందు నా నిక్కరు మీదికి, ఆ తర్వాత తాతయ్య పంచె మీదికి వెళ్లింది.

"నాట్ బాయ్. కౌ! కౌ!" అన్నాడు తాతయ్య, చాలా హుందాగా.

మెకానిక్ లిఫ్టులోకి తొంగి చూసి, "ఓకే అంకుల్. కౌ ఏ ఫ్లోర్‌లో దిగింది?" అన్నాడు.

తాతయ్య సీసా మూత తీసి, చక్రవర్తిలాగే అతని ముక్కు దగ్గర పెట్టాడు. మెకానిక్ రెండడుగులు వెనక్కి గెంతాడు. ఆంటీ "ఐయా!" అని అరిచి, కొంగు లేక చేతులతో ముక్కు మూసుకుంది. మా క్లాసువాడు పడీపడీ నవ్వాడు, నన్ను చూసి కాదు. మర్నాటి నుంచి బడిలో నేను లిఫ్టులో ఆవును ఎక్కించిన తాతగారి మనవణ్ని. అంత గౌరవం నాకు మార్కుల వల్ల ఎన్నడూ రాలేదు. సీసాలో మిగిలిన నాలుగు చుక్కలతోనే గృహప్రవేశం అయిపోయింది.

తాతయ్య కోతలు కోశాడేమోనని లైబ్రరీకి వెళ్లి వెతికాను. చాకళ్ల సంగతి నిజం. నాణెం కథా ఉంది. పెళ్లి చేసుకోనివాళ్లను చట్టంతో ఇబ్బంది పెట్టిన చక్రవర్తి దొరికాడు, బానిసను విడిపిస్తే కట్టాల్సిన పన్ను దొరికింది. ఏడుపు పన్ను మాత్రం లేదు. కాకినాడకి ఫోన్ చేసి నిలదీస్తే, "ఇంకో పుస్తకం చూడరా" అన్నాడు. మరుసటి ఏడాదీ అదే మాట. అలా ఇంకో పుస్తకం, ఇంకో పుస్తకం అంటూనే నాకు చదవడం అలవాటైంది.

ఇప్పటికీ రోము మీద ఏ పుస్తకం చేతికొచ్చినా ముందు ఆ పన్ను కోసమే చూస్తాను. ఇంకా దొరకలేదు. తాతయ్య పోయిన రోజున మాత్రం కట్టేశాను, వెక్కిళ్ల సర్‌చార్జీతో సహా.