చుక్కల తెర

జమ్మలమడుగులో మా చర్చికి ఎల్‌ఈడీ తెర వచ్చిన మొదటి ఆదివారమే నేను పాట మధ్యలో ఆగిపోయాను. టీచరుగా ఉన్న రోజుల నుంచీ ముందు వరుసలో నిలబడి పాట ఎత్తుకునేది నేనే. తెర ఉంది కదా అని ఆ రోజు పాటల పుస్తకాలు పంచలేదు. పాటేమో కొత్తది. తెర మీద అక్షరాలు చుక్కలు చుక్కలుగా విడిపోయి, ‘పాపి’ అన్నది ‘వావి’ లాగా కనపడింది. ఒత్తులైతే వట్టి మరకలు. నాతోపాటు ముందు వరుస ముసలమ్మలంతా ఆగిపోయారు. వెనకవాళ్లు మాత్రం పాడుకుంటూ పోయారు.

తెర కొనుక్కొచ్చిన సంఘం పెద్ద అందరి ముందూ అన్నాడు, "టీచరమ్మా, నీకు కండ్లు ఆనట్లేదు. ఇంక వేరేవాళ్లు ఎత్తుకుంటార్లే."

మరునాడే ప్రొద్దుటూరు పోయి కండ్లు చూపించుకున్నాను. అద్దాలు సరిగ్గానే ఉన్నాయన్నాడు డాక్టరు. అక్కణ్ణుంచి నేరుగా తెర అమ్మిన షాపుకే పోయాను.

"అది రోడ్డు మీద పెట్టే తెరమ్మా," అన్నాడు షాపాయన. "చుక్కకూ చుక్కకూ సందు శానా ఎక్కువ. దూరం నుంచి చూస్తే చుక్కలు కలిసి అక్షరమైతాది, దగ్గరుంటే చుక్కలే. వెలుగు కూడా ఎండకు తట్టుకునేది. లోపల పెడితే కండ్లలో గుచ్చుకుంటాది."

"చర్చి లోపలికని చెప్పలేదా?"

"చెప్పినారు. అయితే సందు తక్కువుండేది తీసుకోండి, కాకపోతే అదే డబ్బుకు చిన్నది వస్తాదంటిని. వినలేదు. పులివెందులలో యాడో పెద్దది చూసినారంట, అంతకన్నా పెద్దదే కావాలన్నారు."

నాకు ఒళ్లు మండిపోయింది. తెలిసి తెలిసి తెచ్చి, తప్పు నా కండ్ల మీద వేశాడు.

ఆ వారం సంఘం కమిటీ మీటింగులో ఆయన్నే ముందు బెంచీలో కూర్చోబెట్టి, తెర వేయించి చదవమన్నాను. కండ్లు చికిలించి రెండు లైన్లు చదివాడు, రెండూ తప్పే. అప్పుడన్నా ఒప్పుకున్నాడా? "ముసలోళ్లను వెనక్కి కూర్చోబెడితే సరిపోతాది," అన్నాడు. చెవులు సరిగ్గా వినపడకే గదా వాళ్లు ముందు కూర్చునేది.

"తెర కోసం మనుషులను జరుపుతారా? తెరనే జరపండి," అన్నాను. పాస్టరు అయ్యగారు నా మాటకే తలూపారు.

ఇప్పుడా తెర గేటు పక్కన రోడ్డు వైపు ఉంది. అవతలి బస్టాపు నుంచి అక్షరం అక్షరం తెలుస్తాది. లోపలికి పుస్తకాలు మళ్లీ వచ్చాయి. పాట ఎత్తుకోమని అయ్యగారు రెండుసార్లు అడిగారు. నా కండ్లు బాగున్నాయని ఆ పెద్దమనిషి అందరి ముందూ చెప్పనీ, అప్పుడు ఎత్తుకుంటానన్నాను. ఇంతవరకూ చెప్పలేదు. నేను కూర్చున్నచోటే పాడుకుంటాండాను.