ఫిజీ అంటే ఏమి చిన్నాయనా?

బద్వేలుకు తూర్పున ఊటపల్లెలో గాబ్రియేలు అయ్యవారంటే అల్లాటప్పా మనిషి కాదు. ఆ పల్లెలో మిషను బడి చదువు గట్టెక్కిన మొదటివాడు ఆయనే. కొట్టంలో జరిగే ఆరాధనకు రాతిగోడల గుడి లేపించింది ఆయనే. దాహానికి గుర్రం దిగిన కలెక్టరుకు జంకు లేకుండా ఇంగ్లీషులో జవాబు చెప్పిందీ ఆయనే. ఇవన్నీ ఒక ఎత్తు, ఊళ్ల పేర్లు విప్పి చెప్పడం ఒక ఎత్తు.

మా సీమలో పిల్లనిచ్చేటప్పుడు పిల్లవాడి గుణం తరువాత అడుగుతారు. ముందు ఆ ఊళ్లో నీళ్లున్నాయా అని అడుగుతారు. ఊరి పేరు వింటే చాలు, గాబ్రియేలు చెప్పేవాడు. "చెలమలపల్లెనా? ఏటి ఇసకలో చెలమ తీస్తే నీళ్లు. ఇయ్యండప్పా." "బండమీదపల్లెనా? పిల్ల నడుము ఇరుగుతాది. వద్దు." ఆయన వద్దన్నాడని కుదిరిన పెండ్లిళ్లు ఆగిపోయాయి. ఆయన ఇమ్మన్న ఊరికి పోయిన పిల్ల ఒక్కతీ ఖాళీ కడవతో ఏడవలేదు.

పందొమ్మిది వందల పన్నెండులో, వానలు వరుసగా ఎగ్గొట్టిన కాలంలో, ఆయన అల్లుడు లేవి సంత నుంచి వచ్చాడు. లేవి భార్య విశ్వాసమ్మ గాబ్రియేలుకు అన్న కూతురు. తల్లీతండ్రీ కలరాలో పోతే ఆయనే పెంచి పెండ్లి చేశాడు.

"మామా, ఫిజీకి పోతాండాం" అన్నాడు లేవి. "సంతలో మేస్త్రి చెప్పినాడు. చెరకు తోటల్లో పనంట. వానకు కొదవే లేదంట."

"ఆయప్ప కూలీలను ఓడెక్కించేవాడురా! గొర్రెకు పచ్చిక యాడుండాదో తోడేలు చెప్పినట్ల చెప్తాడు."

విశ్వాసమ్మ బిడ్డను ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుంది. "అయితే నువ్వే చెప్పు చిన్నాయనా. ఊరందరికీ చెప్తావు గదా. ఫిజీ అంటే ఏమి? నీళ్లు లేని పేరైతే నేను కాలు కదపను."

ఆ పేరును ఎట్లా విప్పాలో అయ్యవారికి తెలియలేదు. అట్లా జరగడం అదే మొదలు.

"కడపకు పోయి కనుక్కొనొస్తా. అంతదాకా కదలగాకండి" అన్నాడు.

కాలినడకన కడప చేరాడు. మిషను బంగళాలో దొర బీరువా తెరిచి లావుపాటి పుస్తకం తీశాడు. ఆ దీవులవాళ్లు తమ నేలను విటీ అంటారట. పొరుగు దీవులవాళ్ల నోట్లో అది ఫిజీ అయిందట. ఓడల్లో వచ్చిన తెల్లవాళ్లు ఆ పొరుగువాళ్ల దగ్గర విని అట్లాగే రాసుకున్నారట.

"మరి విటీ అంటే ఏమి దొరా?"

"అది సరిగ్గా ఎవరికీ తెలియదు గాబ్రియేలూ."

తిరుగుదారి పొడుగునా ఆయన ఒకటే లెక్క వేసుకున్నాడు. తెలియదని చెబితే విశ్వాసమ్మ ఓడెక్కుతుంది. దుడ్డు లేదు, గింజల్లేవు, పట్టి ఆపడానికి ఉన్నదల్లా తన మాట. ఆ మాటను అంతవరకు ఎన్నడూ అబద్ధానికి వాడలేదు.

లేవి ఇంటి ముందు చెప్పులు విడవకముందే అనేశాడు. "రాళ్లదిబ్బ అని అర్థం తల్లీ. చుట్టూ ఉప్పునీళ్లు. పోవద్దు."

విశ్వాసమ్మ ఆయన మొగంలోకి చూసింది. పొయ్యి పక్కన సంకటి కుండ బోర్లించి ఉంది.

"మనది ఊటపల్లె గదా చిన్నాయనా. ఊట యాడుండాది?"

"కాలు కదపనంటివే!"

"అంటి. బిడ్డ ఏడుపు ఆగల్యా."

"బిడ్డనన్నా నాకిడిసిపో."

"ఏం పెట్టి సాకుతావు?"

అది ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అడిగింది. ఆ వారంలోనే మేస్త్రి బండ్లు వచ్చాయి. అయ్యవారు ఊరవతల వాగు వంక దాకా బండి కమ్మి పట్టుకొని నడిచాడు. ఎద్దులు గట్టెక్కేటప్పుడు చెయ్యి జారిపోయింది.

ఆ తరువాత ఆయన బడికి పెంకులు వేయించాడు. ఆయన దగ్గర చదివిన పిల్లలు ముగ్గురు పంతుళ్లయ్యారు. కానీ ఊళ్ల పేర్లడిగితే మాత్రం "పోయి బాయి చూసి రాండప్పా" అనేవాడు. ఆదివారం ప్రార్థనలో "ఫిజీలో ఉన్న మా బిడ్డలను కాయుము తండ్రీ" అనకుండా ఆమెన్ చెప్పింది లేదు.

పోయినవాళ్ల నుంచి జాబు ఒక్కటీ రాలేదు. కూలీల ఒప్పందాలు రద్దయ్యాక, సుందరం అనే అతను ఫిజీ నుంచి వేంపల్లెకు తిరిగొచ్చాడని తెలిసింది. ముసలాయన బండి కట్టించుకొని పోయాడు.

"అప్పా, మా విశ్వాసమ్మ, లేవి. ఊటపల్లె వాళ్లు. నీకు కనపడినారా?"

"యా దీవిలో అయ్యవారూ?"

"ఫిజీ దీవిలో."

సుందరం ఆయనను అరుగుమీద కూర్చోబెట్టి మజ్జిగ ముంత చేతికిచ్చాడు. "ఫిజీ ఒక దీవి గాదయ్యా. శానా దీవులు, వందలు. ఒకదాన్నుంచి ఇంకోదానికి ఓడలో పోవాల. దిగినోళ్లను దిగినట్లే తలా ఒక తోటకు పంచేస్తారు. దీవి పేరు చెప్పండి, నాకు తెలిసినోళ్లుంటే అడుగుదాం."

గాబ్రియేలు ముంత పట్టుకొని కూర్చున్నాడు. ఆయనకు తెలిసింది ఆ ఒక్క పేరే.