తూములో మిగిలిన చేప

తొంభైల మొదట్లో గరిడేపల్లి దగ్గరి ఒక ఊరి బడిలో నా మొదటి ఉద్యోగం. రోజూ కోదాడ నుంచి బస్సులో వెళ్లి వచ్చేదాన్ని. పిల్లల్ని ఒక్క దెబ్బ కొట్టనని, పాఠాలు సగం బయటే చెబుతానని చేరిన రోజే అందరి ముందూ ప్రకటించాను. పెద్దసారు నవ్వి, "కొత్త బిచ్చగాడు పొద్దెరగడు" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఆ మంటతోనే పిల్లల్ని ఇంకాస్త ఎక్కువ తిప్పాను.

ఊరి పక్కనే సాగర్ ఎడమ కాలువ నుంచి వచ్చే చిన్న కాలువ ఉండేది. యాసంగి పంటకు నీళ్లు వంతులవారీగా వదిలేవారు. కొన్ని రోజులు పారితే కొన్ని రోజులు బందు. బందైనప్పుడు కాలువ అడుగున గుంటల్లో చేపపిల్లలు చిక్కుకుని, నీళ్లు ఇంకేకొద్దీ నోళ్లు తెరిచి చచ్చేవి. వాటిని పట్టి చెరువులో వదలడం మా బడి పనిగా పెట్టుకున్నాం. "మన కళ్ల ముందు ఒక్క చేప కూడా చావొద్దు" అని పిల్లల చేత చెప్పించేదాన్ని. వాళ్లు అన్నం డబ్బాలు ఖాళీ చేసి మరీ తెచ్చేవారు. "కూరకు పనికొచ్చేటియి తీస్కపోయి చెరువుల పోస్తున్రు" అని ఊళ్లోవాళ్లు ఎగతాళి చేసేవారు.

కాలువ బందు రోజులు లెక్కపెట్టుకోవడం అక్కడ అందరికీ అలవాటు. నేనూ లెక్కపెట్టాను. ఇంకా రెండు రోజులున్నాయనుకుని ఓ మధ్యాహ్నం పాతికమంది పిల్లల్ని కాలువలోకి దించాను. దిగువ రైతులు పొలాలు ఎండుతున్నాయని గొడవ చేస్తే, ఆసారి నీళ్లు ముందే వదిలారట. సెంటు పొలం లేని పంతులమ్మకు ఆ సంగతి ఎవరు చెబుతారు?

కాలువ మీద కాపలా తిరిగే లస్కరు సైకిలు తొక్కుకుంటూ, కేకలేస్తూ గట్టు వెంట వచ్చాడు.

"పోరగాళ్లను పైకెక్కియ్యమ్మా! పొద్దుగాల్నే షట్టర్ లేపిన్రు. మలుపు కాడికొచ్చినయి నీళ్లు!"

దొరికినవాళ్లని దొరికినట్టు గట్టు మీదికి లాగాను. లెక్కపెడితే ఒకరు తక్కువ. మళ్లీ లెక్కపెట్టాను. తక్కువే. మూడో తరగతి పిల్ల, ఎప్పుడూ అందరికంటే ఆఖర్న వచ్చేది, కనబడలేదు.

"తూముల ఉన్నది టీచర్," అంది బడిలో దాని పక్కన కూర్చునే పిల్ల.

బండ్లబాట కింద నుంచి కాలువ నీళ్లు పోయే సిమెంటు గొట్టం అది. నీడపట్టున నీళ్లు అక్కడే ఆఖర్న ఎండుతాయి, చేపలూ అక్కడే చేరతాయి. మోకాళ్ల మీద కూర్చుని చూస్తే లోపల మసకలో పిల్ల వీపు కనబడింది. దూరుదామని భుజం పెట్టాను, పట్టలేదు. అప్పుడు పడ్డంత భయం మళ్లీ నా సొంత పిల్లల విషయంలో కూడా పడలేదు.

"బయటికి రా తల్లీ, నీళ్లొస్తున్నయ్!"

"ఇంకొక్కటున్నది టీచర్. జర ఆగుర్రి."

"చేప వద్దు, వదిలెయ్!"

"సచ్చిపోతది టీచర్."

నేను నేర్పిన మాటే నాకు అడ్డం పడింది. వెనక్కి తిరిగితే, ఎండుటాకుల్నీ నురగనీ తోసుకుంటూ నీళ్లు వస్తున్నాయి. మెల్లగానే, కానీ ఆగకుండా. బతిమాలడం మానేశాను. "వస్తవా రావా! కాళ్లిరగ్గొడత! తోలు తీస్త!" అని అరిచాను. అది నా గొంతేనా అని నాకే అనుమానం వచ్చింది.

పిల్ల పాకుతూ వచ్చింది. జబ్బ పట్టి ఈడ్చి గట్టెక్కించి, అదే చేత్తో చెంప మీద కొట్టాను. ఇంకోటీ కొట్టాను. డబ్బా జారి కాలువలో పడింది. కాసేపటికి నీళ్లు తూము నోరు మూసేశాయి. నేను గట్టు మీద కూలబడి ఏడ్చాను. ఆ పిల్ల ఏడవలేదు. నీళ్ల వైపు చూస్తూ, "నీళ్లొస్తే అది ఆడ్నే బతుకుతది గద టీచర్. గట్ల చెప్తే అప్పుడే వస్తుంటి," అంది.

ఆ మాట నాకు తట్టనే లేదు. భయంలో నాకు తిట్లే తట్టాయి.

మర్నాడు వాళ్లమ్మ కలుపుకు పోతూ బడి దగ్గర ఆగింది. ఏమంటుందోనని భయపడ్డాను. "మంచి పని చేసిన్రు టీచర్. ఇంకో రెండేస్తే బాగుండు," అంది. తిట్టి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

వారం తర్వాత బడి చూరులోంచి ఒక పిచ్చుక పిల్ల కింద పడింది. పిల్లలంతా పరుగెత్తారు. తూములో దూరిన పిల్లా లేచింది. రెండడుగులు వేసి ఆగి, నా చేతి వైపు చూసింది.

"పో తల్లీ, పోయి చూడు," అన్నాను.

వెనక్కి వచ్చి తన చోట కూర్చుంది.