నానీ కట్టిన దారం

2023 వానాకాలం. హిందూపురంలో నేను పనిచేసే ఆస్పత్రి, పిల్లల వార్డు. అప్పటికి పెనుకొండ చుట్టుపక్కల కొత్త షెడ్లు లేస్తున్నాయి, రోడ్లు పడుతున్నాయి. ఆ పనులకు బీహార్, జార్ఖండ్, ఒడిశాల నుంచి కుటుంబాలకు కుటుంబాలే వచ్చి దిగేవి. రేకుల గుడిసెల్లో కాపురం. వానొస్తే నీళ్లు లోపలికే. ఇక పిల్లలకు దగ్గు, జ్వరం, ఆయాసం రాక ఏమొస్తాయి? మా వార్డులో సగం మంచాలు వాళ్లవే ఉండేవి.

నేను ఆ వార్డుకు ఇన్‌ఛార్జ్ సిస్టర్‌ని. అందరూ నన్ను భారతక్క అంటారు. దుప్పటి తక్కువైనా, మందు తక్కువైనా తిట్లు తినేది నేనే, తిరిగి తిట్టేదీ నేనే. నా గొంతు కూడా కాస్త పెద్దది. ధర్మవరంలో మగ్గాల మధ్య పుట్టి పెరిగినదాన్ని. నాలుగు మగ్గాలు ఒకేసారి ఆడుతుంటే వాటిని మించి మాట్లాడితే తప్ప మా ఇంట్లో అన్నం కూడా అడగలేం. నేను మామూలుగా మాట్లాడినా తెలియనివాళ్లకు పోట్లాటలాగే ఉంటుంది.

పిల్లలకు నర్సంటే భయం. అది కొత్త సంగతేం కాదు. మన తల్లులే నేర్పిస్తారు కదా, "అన్నం తినకపోతే సిస్టరమ్మను పిలుస్తా, సూది ఏస్తాది సూడు" అని! మేం చెయ్యని నేరానికి ఊరూరా మా పేరు. అయితే మన పిల్లలతో రెండో రోజుకల్లా మాట కలుస్తుంది, ఎగతాళి చేస్తాం, నవ్విస్తాం. ఆ దూరం నుంచి వచ్చిన పిల్లలతో అదీ కుదిరేది కాదు. ఇంజెక్షన్ ట్రే చప్పుడు వినబడితే చాలు, మంచాల కింద దూరేవాళ్లు. వాళ్ల అమ్మానాన్నలు ఇంకా నయం అనుకునేరు! మేస్త్రీని చూసినట్టే మమ్మల్నీ చూసేవాళ్లు. ఏం చెప్పినా తలూపడం, ఏదీ అడగకపోవడం, వీలు చూసుకుని పిల్లను ఎత్తుకుని వెళ్లిపోవడం.

అలాంటి రోజుల్లో వచ్చింది రింకీ. ఐదేళ్ల పిల్ల. బీహార్ వాళ్లు. తండ్రి సంజయ్ షెడ్ల పనిలో కమ్మీలు కట్టేవాడు, తల్లి సీమ ఇటుకలు మోసేది. పిల్లకు న్యుమోనియా, అంటే ఊపిరితిత్తుల్లో చీము చేరే జబ్బు. ఊపిరి తీస్తుంటే పక్కటెముకలు లోపలికి పోతున్నాయి. ఆక్సిజన్ పెట్టాం. డాక్టరు గారు యాంటీబయాటిక్ నరంలోకే వెళ్లాలన్నారు. దానికి కాన్యులా పెట్టాలి. కాన్యులా అంటే నరంలో ఉంచే సన్నటి గొట్టం, ఒక్కసారి పెట్టుకుంటే ప్రతి మందుకూ కొత్తగా పొడవనక్కర్లేదు.

నేను స్టోరులో ఉన్నాను. ఒక్కసారిగా వార్డులో కేకలు. పరుగెత్తుకుంటూ వచ్చేసరికి రింకీ గుక్కపట్టి ఏడుస్తోంది, ముక్కు దగ్గర ఆక్సిజన్ గొట్టం ఊడి వేలాడుతోంది. సీమ పిల్లను గుండెకు అదుముకుని మంచం మూలకు జరిగిపోయింది. మా కొత్త సిస్టర్ లావణ్య కత్తెర పట్టుకుని నిలువుగుడ్లేసుకుని నిలబడి ఉంది. లావణ్యది మడకశిర. నెమ్మదస్తురాలు, చేతిపని శుభ్రం.

"ఏమైందే?" అన్నాను, ఊడిన గొట్టం పిల్ల ముక్కు దగ్గర మళ్లీ సర్దుతూ.

"ఏం లేదక్కా. మణికట్టుకు దారం కట్టినారు. అది అడ్డం ఉండాది, మురికి కూడా ఉండాది. ఇన్ఫెక్షన్ అవుతాదని కత్తిరిచ్చేసినా. అంతే, ఆయమ్మ అరిచేసింది."

"కత్తెర చేతిలో ఉంటే నోట్లో నాలుక ఉండదా నీకు? ఒక్క మాట అడిగుంటే నీ ముల్లె ఏం పోయింది?" అన్నాను. పాపం, ఆ పిల్ల కళ్లనిండా నీళ్లు. ఆమె చేసింది పద్ధతి ప్రకారం తప్పు కాదు. నరం దొరికే చోట దారాలూ గాజులూ ఉండకూడదని మేమే నేర్పిస్తాం. అడిగి తీయాలని మాత్రం ఎవరూ నేర్పరు.

ఇంతలో సంజయ్ లోపలికొచ్చాడు. భార్య రెండు ముక్కలు చెప్పింది. అతను నాతో ఏం మాట్లాడకుండా మంచం కింద సంచి లాగి, బట్టలు కుక్కడం మొదలుపెట్టాడు.

"యాడికి పోతాండావప్పా?" అన్నాను.

"మేం పోతాం మేడం. ఊరు పోతాం. ట్రైన్ పోతాం."

లామా అని మాకొక మాట ఉంది. వైద్యుల సలహాకు వ్యతిరేకంగా రోగిని తీసుకెళ్లిపోవడం. సంతకం పెట్టించుకుంటే ఆస్పత్రి బాధ్యత తీరిపోతుంది. పిల్ల సంగతో? ఆక్సిజన్ తీస్తే గోళ్లు నీలమవుతున్న పిల్ల బీహార్ దాకా రైల్లో, జనరల్ బోగీలో! బెంగళూరైనా దాటుతుందా అని భయమేసింది. డాక్టరు గారు వచ్చి ఇంగ్లీషులో, హిందీలో చెప్పారు. సంజయ్ తల వంచుకుని విన్నాడు, మళ్లీ సంచి మూతి బిగించాడు.

మా ఆయా హసీనాను పిలిచాను. ఆమెది హిందూపురమే. ఉర్దూ ఇంటి భాష, తెలుగు వీధి భాష. హసీనా సీమ పక్కన కూర్చుని, భుజం మీద చెయ్యి వేసి, చాలాసేపు మాట్లాడింది. సీమ ఏడుస్తూనే ఏదో చెప్పింది. తెగిన దారం పట్టుకున్న కుడి పిడికిలి మాత్రం విప్పలేదు.

"ఏమంటాంది హసీనా?"

"మేడం, వీండ్లకు ముందు ఒక మగపిల్లోడు ఉండెనంట. ఇట్లనే జ్వరమొచ్చి పోయినాడంట. అందుకని ఈ పాపకు వాళ్ల నానీ, అంటే సీమ వాళ్లమ్మ, గుడికి పోయి మొక్కుకొని ఈ దారం కట్టి పంపిచ్చిందంట. మళ్లా ఊరికి వచ్చేదాకా ఊడకూడదు అని చెప్పిందంట. ఇప్పుడు కోసేస్తిరి. ఇంక ఈడుంటే పాప బతకదు, పోవాల్సిందే అంటాంది."

మా అవ్వ కూడా నా మొలకు నల్లదారం కట్టి, ఊడితే కాళ్లిరగ్గొడతానంది కదా! అదే ఊడిపోయినప్పుడు ఎక్కడెక్కడ వెతికానో నాకే తెలుసు. మూఢనమ్మకం అని కొట్టిపారెయ్యడం తేలిక. ఒక బిడ్డను పోగొట్టుకున్న తల్లికి ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ట్రే పక్కన పెట్టించాను. గ్లవ్స్ వేసుకోలేదు. వట్టి చేతులతో వెళ్లి నేలమీద చతికిలబడ్డాను. సీమ ముందు అరచెయ్యి చాపాను.

"ఒకసారి ఇయ్యమ్మా, చూస్తా" అన్నాను. హసీనా చెప్పింది. సీమ తల అడ్డంగా ఊపింది.

"నేను పట్టుచీరలు నేసే ఇంటిదాన్ని. తెగిన దారం మాకు కొత్త కాదు. అతికిస్తా, చెప్పు హసీనా."

ఆ మాటకు సీమ నన్ను మొదటిసారి సూటిగా చూసింది. పిడికిలి విప్పింది. చెమటకు తడిసిన ఎర్రదారం, మధ్యలో గట్టి ముడి. నానీ వేసిన ముడి అది. పెరిగే పిల్ల అని వదులుగా కట్టిందట, అదే మాకు కలిసొచ్చింది.

ధర్మవరంలో మగ్గం మీద పాత నూలు అయిపోతే, కొత్త నూలును ఒక్కొక్క పోగుగా దానికి అతుకుతారు. ముడి వేయరు. రెండు కొసలనూ కలిపి, వేళ్లకు కాస్త బూడిద అద్దుకుని, మెలిపెడతారు. మా ఇంట్లో ఆ పని అవ్వది. నాకూ నేర్పింది, నెత్తిన మొట్టి మరీ. వార్డులో బూడిద యాడ తెచ్చేది? పక్క మంచం తల్లి దగ్గర పిల్లల పౌడరు అడిగి వేళ్లకు రాసుకున్నాను.

చిక్కేమిటంటే, నానీ ముడి విప్పకూడదు. కాబట్టి దారాన్ని చేతికి చుట్టి, ఆ చేతిమీదే అతకాలి. అంటే రింకీ కదలకుండా చెయ్యి ఇవ్వాలి. పిల్ల ఆక్సిజన్ గొట్టంతోనే, తల్లి ఒడిలో ఎగశ్వాసతో, అనుమానంగా నన్నే చూస్తోంది. దారం ఉండిన కుడిచేతికి కాన్యులా పెట్టాలి కాబట్టి ఎడమచెయ్యి అడిగాను. ఇవ్వలేదు. నా అరచేతులు రెండూ తిప్పి చూపించాను, వెనకా ముందూ. సూది లేదు, కత్తెర లేదు. చూసి చూసి, చెయ్యి చాపింది.

కొసల పురి విప్పి, పోగులు ఒకదానిలో ఒకటి కలిపి, మెల్లగా మెలిపెట్టాను. సంజయ్ సంచి వదిలేసి దగ్గరికొచ్చి వంగి చూస్తున్నాడు. ఇనుపతీగతో కమ్మీలు బిగించే మనిషి, చేతిపని అనేసరికి ఆగలేకపోయాడు. "అచ్ఛా" అన్నాడు తనలో తాను. రింకీ మాత్రం హసీనా చెవిలో ఏదో గుసగుసలాడింది. హసీనా ఫక్కున నవ్వింది.

"సిస్టరుకు కూడా నానీ ఉంటుందా అని అడుగుతాంది మేడం."

నాకు నవ్వూ వచ్చింది, కళ్లల్లో నీళ్లూ వచ్చాయి. ఇన్నేళ్లుగా ఈ పిల్లలకు నేనొక తెల్లకోటు, ఒక ట్రే. నాకూ ఒక అవ్వ ఉంటుందని వాళ్లకెలా తెలుస్తుంది?

"ఉండెనమ్మా. ఈ పని నేర్పిచ్చింది ఆయమ్మే. సరిగ్గా చెయ్యకపోతే మొట్టికాయ పడేది" అని నా నెత్తిన నేనే మొట్టుకుని చూపించాను. రింకీ నవ్వలేదు గానీ పెదవి ఒక పక్కకు జరిగింది. మాకది చాలు.

దారం నిలిచింది. సీమ దాన్ని కళ్లకద్దుకుంది. ఆమే కూతురి కుడిచెయ్యి తీసి నా ముందు పెట్టింది.

నేను లేచి, "లావణ్యా, రా. నువ్వే పెట్టు" అన్నాను.

"నేనా అక్కా? నన్ను చూస్తేనే ఏడుస్తాది."

"అందుకే నువ్వే పెట్టాల. నీ చెయ్యి కత్తెర చెయ్యి అని గుర్తుపెట్టుకుంటే ఎట్లా?"

లావణ్య ముందు ఆ దారాన్ని వేలితో మెల్లగా తాకి, "చానా బాగుండాది" అంది. ఆ తర్వాత పని మొదలుపెట్టింది. రింకీ ఏడ్చింది. ఏడవదా మరి, సూది సూదే కదా! కానీ చెయ్యి లాక్కోలేదు. సంజయ్ బట్టలు సంచిలోంచి తీసి మళ్లీ మంచం మీద పెట్టాడు. వారం తిరిగేసరికి రింకీ వార్డంతా తిరుగుతూ, అందరి మంచాల దగ్గరా బిస్కెట్లు వసూలు చేసేది.

అప్పటినుంచి మా వార్డులో ఒక పద్ధతి పెట్టుకున్నాం. పొద్దున ఇంజెక్షన్లకు ముందు ఒక రౌండు వట్టి చేతులతో. ట్రే లేదు, ఫైలు లేదు. పిల్లల పేర్లు అడుగుతాం, చేతికో మెడకో దారమో తాయెత్తో ఉంటే ఎవరు కట్టారని అడుగుతాం. తీయాల్సి వస్తే తల్లి చేతనే విప్పించి, ఇంకో చోట తల్లి చేతనే కట్టిస్తాం. తల్లులకు ఒకటే షరతు: మా పేరు చెప్పి పిల్లల్ని బెదిరించకూడదు. మొదట్లో వేరే వార్డుల సిస్టర్లు నవ్వారు, "భారతక్క చేతులూపుకుంటా తిరుగుతాండాది" అని. తిరగనీ. మంచాల కింద దూరేవాళ్లు తగ్గారు. చెప్పకుండా వెళ్లిపోయేవాళ్లూ తగ్గారు.

ఆ మరుసటి ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం సీమ మళ్లీ వచ్చింది. వెంట ఉన్న రింకీ నుదురు ముందు తాకి చూశాను. రింకీకి ఏం కాలేదు, పక్క గుడిసెలో ఒడిశా ఆమె కొడుకుకు జ్వరమట, వాళ్లను వెంటబెట్టుకొచ్చింది. వాడు తల్లి చీర కుచ్చిళ్లలో ముఖం దాచుకుని కేకలు పెడుతున్నాడు. రింకీ వాడి దగ్గరికి వెళ్లి, ఎడమచెయ్యి చాపి, నన్ను చూపిస్తూ గబగబా ఏదో చెప్పింది.

"ఏమంటాందే?" అని హసీనాను అడిగాను.

"ఈమె సూది సిస్టరు కాదంట. దారం అతికే మౌసీ, అంటే చిన్నమ్మ అంట. నానీ కూడా ఉందంట, మొట్టుతాదంట."

దగ్గరికి పిలిచి ఆ చెయ్యి పట్టుకుని చూశాను. దారం రంగు వెలిసిపోయి, చేతికి బిగుతుగా అంటుకుపోయి ఉంది. నేను అతికిన చోటు కోసం చుట్టూ తిప్పి చూశాను, ఎంతకీ కనబడలేదు. రింకీ నవ్వుతూ తన వేలు పెట్టి చూపించింది.