మూడో పేరు నాది

మూడోసారి అప్లికేషన్ పెట్టిన ఏడాది నాకు ముప్పై మూడేళ్ళు. 2012 అనుకుంటాను. అప్పటికి నాలుగేళ్ళుగా లీసెస్టర్‌లో ఒక ఆస్పత్రిలో, వృద్ధుల వార్డులో డాక్టరుగా చేస్తున్నాను. ట్రైనింగ్ పోస్టు మాత్రం లేదు. ఈ దేశంలో స్పెషలిస్టు కావాలంటే ఆ పోస్టు రావాలి. రాకపోతే ఎన్నేళ్ళు చేసినా ఎవరు సెలవు పెడితే వాళ్ళ ఖాళీ పూడ్చే డాక్టరుగానే మిగిలిపోతాం. మొదటి రెండుసార్లూ నన్ను ఇంటర్వ్యూకి కూడా పిలవలేదు.

కారణం ఫారంలోనే ఉంది. రోగిని ఎంత బాగా చూస్తారని ఆ ఫారం అడగదు. రీసెర్చ్ ఏం చేశారు, ఎక్కడ చూపించారు, అందులో మీ పేరు ఎన్నోది అని అడుగుతుంది. ఒక్కోదానికి కొన్ని మార్కులు. నా ఫారంలో ఆ పేజీ రెండేళ్ళూ తెల్లగానే ఉంది. ఇక్కడే చదువుకున్న పిల్లలు, ఒక రోగి ఊపిరి ఆడక గిజగిజలాడితే నన్ను కేకేసి పిలిచేవాళ్ళు, ఆ పేజీ నింపుకుని నా కళ్ళముందే పోస్టులకు వెళ్ళిపోయారు. నాకు ఒళ్ళు మండేది. దాచుకోవడం దేనికి, ఇప్పటికీ మండుతుంది.

మా ఆయనకు లండన్ పక్కన స్లౌలో ఐటీ ఉద్యోగం. వారమంతా అక్కడ అద్దె గది, శుక్రవారం సాయంత్రం రైలెక్కి ఇంటికి. ఈసారి కూడా పోస్టు రాకపోతే నేను ఈ ప్రయత్నం మానేసి, పాపను తీసుకుని స్లౌకి వెళ్ళిపోవాలని నిర్ణయించుకున్నాం. నిర్ణయం నాది, ఆయన ఊఁ కొట్టాడు.

మా వార్డులో గుంటూరు నుంచి వచ్చిన నర్సు ఒకామె ఉండేది. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. నేను ఆమెను అక్కా అనేదాన్ని, ఆమె నన్ను డాక్టరమ్మా అనేది. ఒకరోజు పొద్దున బాత్రూమ్‌కి వెళ్ళే దారిలో ఒక పెద్దాయన పడిపోయాడు. తుంటి ఎముక విరగలేదు, అంతవరకు అదృష్టం. ఆయన్ని లేపి పడుకోబెట్టాక ఆమె నన్ను పక్కకు పిలిచింది.

"డాక్టరమ్మా, నేను చూస్తానే ఉన్నా. వీళ్ళు రాత్రిళ్ళు పడట్లా, మధ్యాహ్నం పడట్లా. పొద్దున్నే బీపీ మాత్రలు, నీరు తీసే మాత్ర, అన్నీ ఒక్కసారే మింగిస్తాం గదా. టీ ఇచ్చి కుర్చీలో కూర్చోబెడతాం. గంట తిరక్కుండా లేచి బాత్రూమ్‌కి పోతా పడతన్నారు. మీరెప్పుడన్నా కాగితాలు తీసి చూశారా?"

చూడలేదు. నాలుగేళ్ళుగా పడినవాళ్ళను లేపుతూనే ఉన్నాను కానీ, ఏ వేళకు పడ్డారని ఒక్కనాడూ అడగలేదు. అది వినగానే నాకు సిగ్గేసింది. మరుక్షణమే ఇది రీసెర్చ్ కదా అని కూడా తట్టింది. రెండూ నిజమే.

ఆ చలికాలం నా శనివారాలన్నీ ఆస్పత్రి కింది అంతస్తులో, పాత ఫైళ్ళ గదిలో గడిచాయి. రోగి పడిపోయినప్పుడు రాసే ఫారంలో టైము ఉంటుంది. మాత్రలు ఇచ్చిన చార్టులో ఇంకో టైము ఉంటుంది. రెండూ పక్కపక్కన పెట్టి ఒక్కొక్కటే రాసుకున్నాను. డాక్టర్ల చేతిరాత సంగతి చెప్పనక్కర్లేదు, కొన్నిచోట్ల నా రాత నాకే అర్థం కాలేదు. ఇంటి దగ్గర మా ఆయన పాపకు జడ వేయడం నేర్చుకున్నాడు. చివరికి తేలిందేమిటంటే, అక్క చెప్పింది అక్షరాలా నిజం. ఫార్మసీ వాళ్ళతో మాట్లాడి, కుదిరినవాళ్ళకు కొన్ని మాత్రలు సాయంత్రానికి మార్పించాను. పొద్దున పూట పడిపోవడం తగ్గింది. ఆ వార్డులో నేను చేసిన మంచి పనుల్లో ఇది మొదటిదని ఎవరి ముందయినా చెప్తాను.

ఆ ప్రాంతం డాక్టర్ల సమావేశం ఒకటి జరగబోతుంటే, ఈ పనిని పోస్టర్‌గా, అంటే గోడకు పెట్టే ఒక పెద్ద కాగితం మీద అచ్చువేసి, పంపాను. పైన పేర్లు వేయాలి. మా వార్డు పెద్ద డాక్టరు, స్కాట్లండ్ ఆవిడ, రిటైర్మెంటుకు దగ్గర పడిన మనిషి, అప్పుడు సెలవులో ఉంది. వెళ్ళే ముందు నా రాత చదివి, బాగుంది, పంపించు అంది. నేను ఆవిడ పేరు ముందు వేశాను. తరువాత మా రిజిస్ట్రార్ పేరు, అంటే ఆవిడ కింద ట్రైనింగ్ పోస్టులో ఉన్న డాక్టరు. ఆయన చేసిన సాయం ఒకసారి కాఫీ తాగుతూ తల ఊపడం. మూడోది నా పేరు. ఇందులో ఆలోచించడానికేముంది? కర్నూలులో చదివేటప్పుడు ఎవరు ఏం రాసినా పైన ప్రొఫెసర్ గారి పేరే. పెళ్ళిపత్రికలో తాత పేరు లేకుండా ఎవరైనా అచ్చు వేయిస్తారా?

ఆవిడ సెలవు నుంచి వచ్చి, వార్డు బయట గోడకు పెట్టిన పోస్టర్ చూసింది. నన్ను తన గదికి పిలిచి తలుపు వేసింది.

"నా పేరు ముందెందుకు ఉంది?"

"మీరు పెద్దవారు కదా."

"ఇందులో నేను చేసిందేమిటి?"

"చదివి, బాగుందన్నారు కదా."

"చదవడం పని కాదు. ఇక్కడ పని చేసినవాళ్ళ పేరు ముందు ఉంటుంది. పెద్దవాళ్ళది చివర. మాకు గౌరవం అంటే ఆ చివరి చోటే. నీ జేబు నువ్వే కొట్టుకుని, ఆ దొంగతనం నా మీద పెట్టావు."

ఆవిడ మాటకు కోపం రాలేదు, ఏడుపొచ్చింది. ఫారంలో మొదటి పేరుకే మార్కులు, మూడో పేరుకు దాదాపు ఏమీ లేవు. ఆవిడ సమావేశం వాళ్ళకు వెంటనే ఉత్తరం రాసింది. పోస్టర్ల వివరాలు వేసే పుస్తకం అప్పటికే అచ్చయిపోయింది, మార్చలేమన్నారు. పని మొత్తం నాదేనని ఆవిడ నాకొక లెటర్ ఇచ్చింది. ఆ లెటర్‌కు మార్కులుండవు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

శుక్రవారం ఇంటికొచ్చిన మా ఆయనకు అంతా చెప్పాను.

"సొమ్మొకడిది సోకొకడిది చేస్తివి గదమ్మే," అన్నాడు. "ఆ ఫారంలో ఫస్ట్ అని రాసెయ్. పని చేసింది నువ్వే గదా, దాంట్లో అబద్ధం యాడుంది?"

"పోస్టర్ చూపించమంటే?"

"వేలమంది అప్లై చేస్తాండారు. అందరివీ యాడ చూస్తారబ్బా."

రాసేశాను. రెండు రోజులు ఆ మాట అలాగే ఉంది. ఫారం తెరిచినప్పుడల్లా అక్కడికే కళ్ళు పోయేవి. ఎన్నో శనివారాలు పోసి నింపుకున్న పేజీ అది, నా జీవితంలో మొదటిది. దాన్ని నా చేత్తో నేనే పాడు చేసుకోవడం నాకు నచ్చలేదు. సోమవారం పొద్దున దాన్ని కొట్టేసి, మూడో పేరు అని రాసి పంపేశాను.

అయినా ఈసారి ఇంటర్వ్యూకి పిలిచారు. ఎలా పిలిచారో తెలియదు, బొటాబొటీ మార్కులతో గట్టెక్కి ఉంటాను. ఒక ఫుట్‌బాల్ మైదానం పక్కన పెద్ద హాలు, వరసగా బల్లలు. నా బల్ల దగ్గర ఒక ఆవిడ, ఒక ఆయన. ఆవిడ నా ఫైలు తిరగేసి పోస్టర్ దగ్గర ఆగింది.

"మీ పేరు మూడోది. ఇందులో మీ వంతు ఏమిటి?"

"మా టీమంతా కలిసి చేశాం," అన్నాను. నా నోట్లోంచి అదే వచ్చింది. ఆవిడ గడియారం చూసుకుంది. మొహమాటానికి పోతే ఏమవుతుందో మా ఊళ్ళో ఒక మోటు సామెత ఉంది. అది గుర్తొచ్చి నా మీద నాకే పట్టరాని కోపం వచ్చింది.

"లేదండీ. అబద్ధం చెప్పాను," అన్నాను. "ఫైళ్ళు తీసింది నేను. చదివింది నేను. ఒక్కొక్క టైమూ రాసింది నేను. ఫార్మసీతో పోట్లాడి మాత్రల వేళ మార్పించింది నేను. ఆ పేర్ల వరస తప్పు, తప్పుగా వేసింది కూడా నేనే. మా దగ్గర పెద్దవాళ్ళ పేరు ముందు వేస్తాం. ఇక్కడ కాదని తరువాత తెలిసింది."

అంత గట్టిగా మాట్లాడానేమో, పక్క బల్ల అతను తిరిగి చూశాడు. ఆవిడ మొహంలో నవ్వు కనిపించింది.

"అయితే ఈ ప్రశ్న కూడా మీకే తట్టిందన్నమాట. ఇంతమంది చూడనిది మీరు చూశారు."

అవును అంటే సరిపోయేది. వాళ్ళకు అన్నిటికంటే కావలసింది అదే, ప్రశ్న ఎవరికి తట్టిందన్నదే. ఎవరూ వచ్చి అడిగేది లేదు. కానీ సరిగ్గా అప్పుడు నాకు మా వార్డు అక్క గుర్తొచ్చింది. నా పేరు మూడోదయిందని నెలల తరబడి కుమిలిపోయాను. ఆమె పేరు అసలు లేనే లేదని ఒక్కసారి కూడా అనుకోలేదు. తల ఊపిన రిజిస్ట్రార్‌కు చోటిచ్చాను. నర్సు పేరు కూడా వేయవచ్చని నా బుర్రకు తట్టనే లేదు.

"ప్రశ్న నాది కాదు," అన్నాను. "మా వార్డు నర్సుది. ఆమె పేరు ఇక్కడ లేదు. అది నేను చేసిన రెండో తప్పు, మొదటిదానికంటే పెద్దది."

అంతవరకు నోరు విప్పని ఆయన కలం తీసుకుని, ఆమె పేరేమిటని అడిగాడు. చెప్పాను. స్పెల్లింగ్ అడిగి కాగితం మీద రాసుకున్నాడు.

కొన్ని వారాల తరువాత మెయిల్ వచ్చింది. నార్తాంప్టన్‌లో ట్రైనింగ్ పోస్టు. మార్కులు కూడా పంపారు. ఫారంలోని రీసెర్చ్ పేజీకి వచ్చింది చాలా తక్కువ. ఆ బల్ల దగ్గర ఇద్దరూ నిండా వేశారు. నేను వార్డు మధ్యలో నిలబడి ఆ మార్కులు మూడుసార్లు చదువుకున్నాను. గర్వంగా ఉందా అంటే, అవును, చాలా గర్వంగా ఉంది. మా ఆయన ఫోనులో "అట్లుండాల!" అని అరిచిన అరుపు పక్క మంచం ముసలావిడకు కూడా వినిపించింది.

అక్క ఖాళీ మంచం మీద దుప్పటి మారుస్తోంది. పోస్టు వచ్చిందని చెప్పగానే "స్తోత్రం ప్రభువా" అంటూ నన్ను గట్టిగా పట్టుకుంది. అప్పుడు మిగతాది చెప్పాను. ఆమె పేరు వేయనందుకు తప్పయిందని చెప్పాను. ఇంటర్వ్యూలో జరిగింది చెప్పాను. ఆమె దుప్పటి అంచు సర్ది నా వైపు తిరిగింది.

"అంత పెద్దోళ్ళ ముందు నా పేరు చెప్పారా?"

"చెప్పాను అక్కా. ఒకాయన రాసుకున్నాడు కూడా."

"ఇంటిపేరుతోనా?"

"ఇంటిపేరుతోనే."

"ఇన్నేళ్ళ సర్వీసులో డ్యూటీలేసే రోటా మీద తప్ప నా పేరు ఎవరూ ఎక్కడా రాయలా డాక్టరమ్మా," అంది.

పోస్టు వచ్చినప్పుడు రాని ఏడుపు అప్పుడొచ్చింది. ఆ శనివారమే ఆ పనిని ఒక మెడికల్ జర్నల్‌కు పంపడానికి పేపరుగా రాయడం మొదలుపెట్టాను. ముందు నా పేరు వేసుకున్నాను. దాని పక్కన ఆమె పేరు, ఇంటిపేరుతో సహా.