బేకరీ దగ్గర నిలబడే మనిషి

శనివారం సాయంత్రాలు బెంగుళూరు కాడుగోడిలో మా తెలుగు ప్రార్థన కూడిక. ఒక పెద్దావిడ ఇంటి మేడ మీద రేకుల షెడ్డులో చాపలు పరిచి కూర్చుంటాం. ఆడవాళ్ళం ఇటు, మగవాళ్ళు అటు. పాట ఎత్తుకునేది నేను. మారతహళ్ళి నుంచి మా ఆయన బండి మీద తీసుకొచ్చి గేటు దగ్గర దింపుతాడు గానీ పైకి రాడు. ఆ మేడ కిందే బేకరీ ఉంది. అక్కడ నిలబడి టీ తాగుతూ, దిల్‌పసంద్ అనే తీపి కొబ్బరి రొట్టె ముక్క తింటూ, కూడిక అయ్యేదాకా ఉంటాడు.

పెళ్ళికి ముందే చెప్పాడు, "నువ్వు ప్రార్థనకు పో, నేను అడ్డం రాను. నన్ను మాత్రం పిలవద్దు" అని. వాళ్ళు తాతల కాలం నుంచీ బెంగుళూరువాళ్ళు, ఇంటి నిండా దేవుడి పటాలున్నవాళ్ళు. నేను ప్రకాశం జిల్లా నుంచి ఇక్కడి బడిలో టీచరుగా వచ్చినదాన్ని. సరేనన్నాను. నోటితో అన్నానే గానీ మనసులో ఏనాడూ అనుకోలేదు. ఒక్క శనివారమైనా ఆయన మెట్లెక్కి వచ్చి, ఆ ఎదురు చాప మీద కూర్చోవాలి. నేను దేవుణ్ణి అడిగింది అంతే.

ప్రార్థన మనవులు చెప్పుకునేటప్పుడు నా వంతు వస్తే నేను నోరు తెరవక్కర్లేదు. "బ్రదర్ గారి గురించే కదా, సిస్టర్" అని పాస్టరుగారే అనేస్తారు. ఏళ్ళుగా ఇదే వరస. ఈలోగా ఒకరికి ఉద్యోగం వచ్చింది, ఒకరి కడుపులో గడ్డ కరిగింది, ఒకరి కూతురికి సంబంధం కుదిరింది. అందరి సాక్ష్యాలకూ చప్పట్లు కొట్టాను, అందరూ పంచిన లడ్డూలూ తిన్నాను. నా లడ్డూ ఎప్పుడు ప్రభువా అంటే ఉలుకూ లేదు, పలుకూ లేదు.

అప్పుడొచ్చింది, వానలు మొదలయ్యే రోజుల్లో, ఒక నర్సమ్మాయి. మదనపల్లె వైపు పిల్ల. భర్త క్యాబ్ నడుపుతాడు. మొదటి రోజే నా పక్కన కూర్చుని, "మా ఆయన కూడా కిందనే ఉండాడక్కా, పైకి రాడంట" అంది. చెప్పొద్దూ, నాకు ప్రాణం లేచొచ్చింది. తోడు దొరికింది! ఒకరి భర్త కోసం ఒకరం ప్రార్థన చేసుకుందాం అని చేతులు పట్టుకున్నాం. ఆ పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, దేవుడి సమయం అంటూ ఒకటుంటుందని నేనే ధైర్యం చెప్పాను.

వానలు తగ్గకముందే ఆ పిల్ల భర్త పైకొచ్చేశాడు! చెప్పులు విడిచి, మగవాళ్ళ చాప చివర కుదురుగా కూర్చున్నాడు. అందరూ స్తోత్రం అన్నారు. నేనూ అన్నాను. కడుపు మాత్రం భగ్గున మండింది. ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారే, అదీ నా సంగతి. నేనెన్ని ఉపవాసాలున్నాను, ఆ పిల్ల ఎన్నుంది? డ్యూటీ ఉందని సగం శనివారాలు కూడికకే రాదు! ప్రభువు దగ్గర కూడా సీనియారిటీకి విలువ లేకపోతే ఇంకెక్కడ ఉంటుంది?

మరుసటి వారం నుంచి ఆ పిల్ల పక్కన కూర్చోవడం మానేశాను.

"కోపమా అక్కా?" అంది.

"నాకేం కోపం తల్లీ, ఇక్కడైతే ఫ్యాను గాలి బాగా వస్తోంది" అన్నాను. ఉన్న ఒక్క ఫ్యానూ ఆ పిల్ల నెత్తి మీదే తిరుగుతోంది.

ఒక శనివారం మూడో పాట పాడుతున్నాను. అతను గోడకున్న కంజీర అందుకుని వాయించడం మొదలుపెట్టాడు. ఆ పిల్ల అతని వంక చూసి నవ్వింది. ఆ నవ్వు చూసేసరికి నా పాట తప్పింది. మూడో చరణం ఎత్తుకోవాల్సింది పోయి, పాడిన రెండో చరణమే మళ్ళీ పాడాను. అందరూ కళ్ళు మూసుకుని నా వెనకే పాడేశారు. ఒక్కరికీ తేడా తెలియలేదు.

పాటలయ్యాక అతను సాక్ష్యం చెప్పడానికి లేచాడు.

"నాకు మాట్లాడేకి రాదు. నేను కింద బేకరీ కాడ ఫోను చూసుకుంటా ఉంటి. ఆడ ఒక అన్న టీ ఇప్పించినాడు. 'నువ్వెందుకప్పా పైకి పోవు?' అనె. 'నువ్వూ పోవు కదన్నా' అంటి. 'నా కథ వేరే అప్పా. నీ పెండ్లాము మెట్లెక్కేటప్పుడు వెనక్కి తిరిగి చూస్తాది, నువ్వేమో ఫోను చూస్తా ఉంటావు. ఒకసారి పోయి కూర్చో, నీ సొమ్మేం పోతాది' అనె. వారం వారం ఇదే మాట. ఆయన పోరు పడలేక వచ్చినా. ఇప్పుడు రాకుంటే నాకే తోచదు."

ఆ అన్న ఎవరో అందరికీ తెలుసు. అన్ని తలలూ నా వైపు తిరిగాయి. "హల్లెలూయా" అన్నారు పాస్టరుగారు. ఇంట్లో కూరలో ఉప్పెక్కువైందని తప్ప నాలుగు మాటలు మాట్లాడని మనిషి, ముక్కూ మొహం తెలియనివాడికి టీ ఇప్పించి మరీ హితబోధ చేశాడట! ఆ పిల్ల వెనక్కి తిరగడం కనబడిందట, ఇన్నేళ్ళుగా నేను తిరగడం కనబడలేదా? నా లడ్డూ వేరే ఇంటికి పోయింది, అదీ మా ఆయన చేతుల మీదుగానే.

కూడిక అయ్యాక పెట్టే ఉప్మా తినకుండానే దిగిపోయాను. ఆయన బేకరీ దగ్గర నా హెల్మెట్ పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"అతన్ని పైకి పంపింది నువ్వేనంట?"

"ఊ. పాపం, ఆ పిల్ల చూస్తా ఉంటాది కదా."

"మరి నేను చూడనా?"

హెల్మెట్ నా చేతికిచ్చి, బండి తిప్పుకుంటూ నా మొహంలోకి చూశాడు.

"మూడో పాటలో పాడిందే మళ్ళా పాడితివే, ఎందుకు? ఒంట్లో బాగుండాదా?"

మేడ మీద అంతమందిలో ఒక్కరూ పట్టుకోలేదు. బండెక్కి ఆయన వెనక కూర్చున్నాను.

"ఏం పాడాలో మర్చిపోయాను. మూడో చరణం ఏంటి?" అన్నాను.

బండి స్టార్ట్ చేస్తూ చెప్పాడు. ఒక్క మాట తప్పు పోలేదు.