చివరి నెల నీళ్లు

మా చిన్నాయన వైన్ ఎట్లుంటుందో చూడకుండానే వైన్ ద్రాక్ష పెట్టాడు. మా వైపు వైన్ షాపు అని బోర్డు కట్టుకున్న అంగట్లో బ్రాందీ, విస్కీ, బీరు దొరుకుతాయి, వైన్ దొరకదు. అది ఏ రంగులో ఉంటుందని ఆయన అడిగితే నాకూ తెలియలేదు. నేను అనంతపురంలో పిల్లలకు పాఠాలు చెబుతూ, సెలవు దినాల్లో సారా మీద, జాతకాల మీద, స్వాముల మీద సభల్లో మాట్లాడుతూ తిరిగేవాణ్ణి. మందు గురించి నాకు తెలిసిందల్లా, అది తాగినవాడి ఇంట్లో ఆడవాళ్ల బతుకు ఏమవుతుందన్నది మాత్రమే.

అందుకే మొదట వద్దన్నాను. ఊరూరా తిరిగి తాగొద్దని చెప్పే నేను, సొంత చిన్నాయన మందు కంపెనీకి పంట పండిస్తుంటే ఏ మొగంతో మాట్లాడాలని అడిగాను.

"నువ్వు మాట్లాడితే వాన వస్తాదా?" అన్నాడు ఆయన. "వస్తాదంటే చెప్పు, ఇప్పుడే పెరికేస్తా."

కళ్యాణదుర్గం చుట్టుపక్కల అవి వేరుశనగ వరసగా పోయిన ఏళ్లు. విత్తనం చల్లినాక వాన పోయేది, లేకపోతే కాయ ఊరే పొద్దుకు పోయేది. తొంభైలు ముగిసి రెండు వేలు వచ్చాయని క్యాలెండరు చెప్పింది గానీ మా చేలకు ఆ సంగతి తెలియలేదు. చిన్నాయనకు ఒక్క బోరు ఉండేది. ఆ నీళ్లను నమ్ముకుని మూడెకరాల్లో రాతి కూసాలు నాటి, ఇనుప తీగ లాగి, తినే ద్రాక్ష పందిరి వేసినాడు. రోగం వచ్చి అదీ పోయింది. ఖాళీ పందిరి ఎండలో నిలబడి ఉన్నప్పుడు బెంగళూరు నుంచి వైన్ కంపెనీ మనిషి వచ్చాడు.

కన్నడం కలిసిన తెలుగు మాట్లాడే ఆ మనిషి చేలో వంగి, ఇంత మట్టి తీసి, నలిపి, వాసన చూశాడు.

"ఎంత బాగుంది అన్నా! ఇట్లాంటి బీదమట్టి కావాల మాకు."

"ఇది పొగడ్తనా, తిట్టా?" అని చిన్నాయన నన్ను అడిగాడు.

కంపెనీ మనిషి నవ్వి, మంచి వైన్ అంతా ఇట్లాంటి రాళ్ల నేలల్లోనే పుడుతుందన్నాడు. మొక్కలు వాళ్లే ఇస్తారు. పంట వాళ్లకు నచ్చితే వాళ్లే కొంటారు. ఇంకొక మాట కూడా అన్నాడు. "నచ్చితే సీసా మీద మీ ఊరి పేరు ఏస్తాము." చిన్నాయన పడిపోయింది ఆ మాటకే. మా ఊరి పేరు కరువు పనుల కాగితాల మీద తప్ప ఇంకెక్కడా అచ్చు కావడం ఆయన చూడలేదు.

చిన్నాయన గురించి ఒక సంగతి చెప్పాలి. ఇరవై ఏళ్ల ఉపన్యాసాల్లో నేను ఎవరినైనా మార్చానా అంటే, నిజంగా మార్చింది ఆయనొక్కణ్ణే. నా మాటతో పంచాంగం చూసి విత్తనం వేయడం మానేశాడు. బోరు వేసేటప్పుడు మేకను కోయనన్నాడు. నీళ్లు పడకపోతే నీ పాపమేనని ఊరంతా అన్నా కదలలేదు. ఊరికే ఒప్పుకునే రకం కాదు. ప్రతిదానికీ నాతో వాదించేవాడు, ఓడిపోయేదాకా వాదించి, ఓడినాక నిలబడేవాడు. సభల్లో చప్పట్లు కొట్టినవాళ్లు ఇంటికి పోయి తాయెత్తు కట్టుకునేవాళ్లు. ఆయన అట్లా కాదు.

మూడో ఏడు పందిరి నిండా కాయ పట్టింది. కాయ రంగు తిరగబోయే ముందు కంపెనీ మనిషి మళ్లీ వచ్చి, తోటంతా తిరిగి, సంతోషపడి, "ఇంక నీళ్లు తగ్గిస్తూ రండి అన్నా, చివరి నెల బాగా తగ్గించాల" అని చెప్పి, దళసరి ఇంగ్లీషు పత్రిక ఒకటి చేతిలో పెట్టాడు. "ప్రపంచంలో మంచి మంచి తోటలోళ్లు ఎట్ల చేస్తారో అంతా ఇందులో ఉండాది. మీ ఇంట్లో చదివినోళ్లు ఉండారు గదా."

ఆ చదివినవాణ్ణి నేను. ఆదివారం పొద్దున బస్సెక్కి పోయి, అరుగు మీద కూర్చుని చదివి తెలుగులో చెప్పాను. చిన్నాయన ఎదురుగా గొంతు కూర్చున్నాడు. చిన్నమ్మ చేటలో కందులు ఏరుతూ వింటోంది.

వైన్ అంటే పిచ్చి ఉన్నవాళ్లు, తమకు ఇష్టమైన తోటలవాళ్ల గురించి దేశదేశాల నుంచి రాసిన ముచ్చట్లు అవి. ఫ్రాన్సులో ఒక వితంతువు, మామ నాటిన తీగలను తానే కత్తిరిస్తుందట. ఇటలీలో ఒక ముసలాయన కొడుకులతో మాట్లాడడు గానీ తీగలతో మాట్లాడతాడట. అర్జెంటీనాలో మంచు కొండల కింద ఒక కుటుంబం, ఆస్ట్రేలియాలో ఎర్రమట్టిలో ఒక అన్నదమ్ముల జంట, స్పెయిన్లో గొర్రెలు కూడా మేయని గుట్ట మీద ఇంకొకాయన. ఒక అభిమాని ఆ ఇటలీ ముసలాయన తోటను చూడడానికి పెళ్లాన్ని తీసుకుని వెయ్యి మైళ్లు పోయి, గేటు ముందు నిలబడి ఏడ్చాడట.

"ఎందుకు ఏడ్చినాడు?" అంది చిన్నమ్మ.

"సంతోషానికి."

"ద్రాక్షతోట చూసి సంతోషానికి ఏడుస్తారా? మీ చిన్నాయన రోజూ ఏడుస్తాడు, దానికెవురూ పత్రికలో రాయరే."

చిన్నాయనకు వేరే సందేహాలు ఉన్నాయి. ప్రతి తోట దగ్గరా నన్ను ఆపాడు.

"ఆయమ్మకు ఎన్ని బోర్లు?"

"రాయలేదు."

"ఎన్ని అడుగులకు నీళ్లు పడినాయంట?"

"అది కూడా లేదు."

"కరెంటు ఎప్పుడిస్తారు వాళ్లకు? పగలా, రాత్రా?"

"చిన్నాయనా, ఇది తాగేవాళ్లు రాసింది, రైతులు రాసింది కాదు."

"అట్ల చెప్పు. సగం పుస్తకం లేదు నీ చేతిలో." మళ్లీ అడిగాడు, "అయితే తాగేటోళ్లకు పండించినోని పేరు తెలుసునా?"

"పేరు, ఊరు, వాళ్ల తాత పేరు కూడా తెలుసు."

ఆయన పందిరి వైపు చూశాడు. మా శనగనూనెలో వేయించుకున్న బజ్జీని తినేవాడు ఎవడూ మా ఊరి పేరు అడగలేదు. ఎక్కడో ఎవడో ఒక సీసా తిప్పి చూసి మా ఊరి పేరు చదవడం, దాన్ని పలకలేక తడబడడం, ఆ పొద్దు చిన్నాయన కళ్లెదుట కనబడిందని నాకు తెలిసింది. ఆయన ఆశంతా అదే. మూడెకరాలూ, బోరూ, మిగిలిన ఆయుస్సూ దానికిందే పెట్టినాడు.

ఆ పత్రికలో అయిదారుగురు తోటలవాళ్లు ఒకే మాట చెప్పారు. కాయ రంగు తిరిగినాక తీగకు నీళ్లు ఇవ్వం, దాన్ని దప్పిగా ఉంచుతాం, కష్టం తెలిసిన తీగే మంచి పండు ఇస్తుంది, అని. స్పెయిన్ గుట్టమీది ఆయన అసలు నీళ్లే పెట్టనన్నాడు. దానికి ఆయన కారణం కూడా ఒక పేజీ చెప్పుకున్నాడు.

ఆ పేజీ నేను చదవలేదు. మొదటి రెండు వాక్యాలకే నాకు ఒళ్లు మండింది. కష్టం మనిషిని శుద్ధి చేస్తుందనే మాటను నేను జీవితమంతా తిట్టాను. ఆ మాట చెప్పిన స్వాములందరూ పల్లకీల్లో తిరిగినవాళ్లే. కరువు కర్మఫలమని చెప్పినవాడికి ఇంట్లో ధాన్యం ఉంది. ఇప్పుడు అదే మాటను తెల్లదొరలు చెట్టుకు చెబుతున్నారు, గ్లాసు పట్టుకున్నవాళ్లు ఆహా అంటున్నారు. మట్టికి ఆత్మ ఉందని, అది సీసాలోకి వస్తుందని రాసిన పేజీ అప్పటికే చదివి ఉన్నాను. ఇదీ ఆ పూజలో భాగమేనని తేల్చేశాను.

"ఇదంతా డబ్బున్నోళ్ల మూఢనమ్మకం" అన్నాను.

"కంపెనీ ఆయప్ప కూడా అదే చెప్పినాడే, నీళ్లు తగ్గించమని."

"అమ్ముకునేవాళ్లు కథ చెప్తారు. చెట్టు నీళ్లు తాగి బతుకుతుంది. దీనికి ఫ్రాన్సుకు పోయి అడగాల్నా? మన జిల్లాలో చెట్టును ఎండబెట్టమని చెప్పేవాణ్ణి ఏమనాలి?"

చిన్నాయన గడ్డం గోక్కున్నాడు. "ఒక పని చేద్దామప్పా. ఒక్క సాలుకు నీళ్లు ఆపి చూద్దాం. మిగతావాటికి పెడదాం. తేడా తెలిసిపోతాది గదా."

నేను నవ్వాను. ఈ ఒక్క సంగతి రాయడానికి ఇన్నేళ్లు వాయిదా వేశాను. పరీక్షించి నమ్మమని వందల సభల్లో గొంతు చించుకున్న నేను, నా ఎదుట ఒక రైతు పరీక్ష చేద్దామంటే నవ్వాను. "రేపు పంచాంగం కూడా ఒక సాలుకు పెట్టి చూద్దాం అంటావు" అన్నాను. చిన్నమ్మ కూడా నవ్వింది. చిన్నాయన సిగ్గుపడి, "సరేప్పా, చదివినోనివి, నీకు తెలుసు" అన్నాడు.

ఆ చివరి నెల ఆయన తీగలకు నీళ్లు పెట్టినంతగా ఎవరికీ ఏదీ పెట్టి ఉండడు. బోరు అప్పటికే తగ్గుతోంది. కొంచెం పోసి, దగ్గి, మళ్లీ పోసేది. పశువుల గడ్డికి నీళ్లు ఆపాడు. ఇంటి తొట్టికి ఆపాడు. చిన్నమ్మ వీధి కొళాయి దగ్గర వరసలో నిలబడింది. అడిగితే, "మేము ఓర్చుకుంటాము, దానికి నోరు లేదు గదా" అంది. కాయలు ఉబ్బి గోళీలంత అయ్యాయి. దారిన పోయేవాళ్లు ఆగి, "ఏం కాసిందన్నా నీ తోట!" అన్నారు. నేను కూడా ఒక ఆదివారం పోయి, గుత్తి ఎత్తి చూసి, గర్వంగా తిరిగి వచ్చాను.

కోతకు ముందు కంపెనీ మనిషి వచ్చిన రోజు నేనూ ఉన్నాను. ఒక కాయ పిండి, ఆ రసం చుక్కను చిన్న గొట్టం లాంటి పరికరం మీద వేసి, సూర్యుడి వైపు ఎత్తి చూశాడు. ఇంకో సాలుకు పోయి చూశాడు. తోట అటు చివరకు పోయి చూశాడు. తిరిగి వచ్చి, గొట్టాన్ని గుడ్డతో తుడుస్తూ అడిగాడు.

"నీళ్లు ఎప్పుడు ఆపినారన్నా?"

"ఆపలేదప్పా."

ఆ మనిషి నా వైపు చూశాడు. నేను పక్కకు చూశాను.

"చక్కెర లేదన్నా ఇందులో. అంతా నీళ్లే."

చెడ్డవాడు కాదు. పది దినాలు నీళ్లు ఆపండి, మళ్లీ వస్తానన్నాడు. ఆపే పని మాకు పడలేదు. నాలుగో దినానికి బోరే ఆగిపోయింది. గొట్టంలోంచి గాలి, ఇంత బురద. పది దినాల తర్వాత ఆయన చూసింది తీపెక్కిన కాయలను కాదు. ఆకు రాలి, కాయ ముడుచుకుపోయి, కొన్ని పగిలి, కందిరీగలు మూగి ఉన్నాయి. పరికరం సంచిలోంచి బయటికి తీయలేదు. అనంతపురం మార్కెట్టువాళ్లు గింజలున్న, తోలు మందం కాయ మాకెందుకన్నారు. చివరికి గొర్రెలవాళ్లను పిలిచి తోలుకోమన్నాడు చిన్నాయన.

అప్పుడు నేను స్పెయిన్ ఆయన పేజీ మొత్తం చదివాను. అందులో ఆత్మ లేదు, మహిమ లేదు. నీళ్లు ఎక్కువైతే కాయ ఉబ్బుతుంది, తీపి పలచనవుతుంది. పైన నీళ్లు దొరికితే వేరు పైనే ఉంటుంది. దొరక్కపోతే వెతుక్కుంటూ లోతుకు పోతుంది. ఒక సాలుకు పెట్టి, ఒక సాలుకు పెట్టక, ఏళ్ల తరబడి చూసి చెబుతున్నానని రాసి ఉంది. భాష మాత్రం కవిత్వం. ఆ భాషను చూసి నేను లోపలి విషయాన్ని కొట్టిపారేశాను. ఎదుటివాడు బొట్టు పెట్టుకున్నాడని వాడు చెప్పిన లెక్క తప్పనడం లాంటిది ఇది. దీన్ని హేతువాదమని నేను ఇప్పుడు పిలవలేను.

మళ్లీ ఆదివారం పోయి ఆ పేజీ చదివి వినిపించాను. తప్పు నాదేనన్నాను. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది.

"అయితే ఆ నీళ్లన్నీ ఊరకే పోసినామా?" అన్నాడు. ఆయనకు దుడ్ల మీద బాధ లేదు, నా మీద కోపం లేదు. బోరు చివరి నీళ్లు అవి. ఆ నీళ్లతో గడ్డి బతికేది, తొట్టి నిండేది. వాటితోనే పందిరిని చంపుకున్నాడు.

"పోనీలేప్పా" అంది చిన్నమ్మ. "చదివినోళ్లు చెప్తే విన్నాము. వినకపోతే మాత్రం ఏమి చేసేవాళ్లం?"

ఇంకో చోట బోరు వేసినా నీళ్లు పడలేదు. కంపెనీ వాళ్లు ఇంకెవరి ఊరికో పోయారు.

ఎండాకాలంలో తీగలు పెరికించాడు, ఆ పొద్దు నేనూ ఉన్నాను. ట్రాక్టరు తెచ్చినతను ప్రతి మోడుకూ గొలుసు కట్టి లాగుదామని వచ్చాడు. రెండు మూడు లాగి, కిందికి దిగి, గొలుసు విప్పేశాడు.

"దీనికి గొలుసు ఎందుకన్నా? చేత్తో లాగినా వస్తాది. వేరన్నదే లేదు."

చిన్నాయన ఒక మోడు అందుకుని తిప్పి చూశాడు. నీళ్లు పడిన చోటే, మూరెడు లోపలే, వేర్లన్నీ ముద్దగా చుట్టుకుని ఉన్నాయి. కిందికి ఒక్కటీ పోలేదు. దాన్ని నా చేతికిచ్చి ఆయన తర్వాతి సాలుకు నడిచాడు. ముగ్గురం మూడు సాళ్లు పట్టుకుని లాగుతూ పోయాం. రెండు దినాలు పడుతుందనుకున్న పని మధ్యాహ్నం అన్నం పొద్దుకే అయిపోయింది.